గెలిచేవాళ్ల మూలన నిలబడ్డాను

చెల్లె కమిలికి,

అక్క మంజుల మనసారా దీవిస్తూ రాసేది. ఇక్కడ నేను, మీ బావ, పాప బాగున్నాం. యాడి మోకాలు ఎట్లా ఉంది? నొప్పి ఉన్నా చెప్పే తల్లి కాదు. బాపు చేనుకు పోతున్నాడా? మిర్చి ఈసారి కాసిందా? అన్నిటికీ జవాబు రాయి, సగం సగం వద్దు. ఊరి, తండా పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యకు అధ్యక్షురాలిగా తండా ఆడవాళ్లంతా నీ పేరు చెబితే, నువ్వు నిలబడనన్నావని మరిది ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్‌లో అడిగితే నువ్వు నవ్వి మాట మారుస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఇక్కడ ఇంకా మంచు కరగలేదు. వృద్ధాశ్రమంలో నర్సు పని మామూలే. జొన్నపిండి దొరికింది కానీ రొట్టె తట్టబోతే ముక్కలవుతోంది, యాడి చెయ్యి నాకు రాలేదు. నాకే కష్టమూ లేదని యాడికి చెప్పు. ఆదివారాలే కొంచెం బరువు. తండా గుర్తొచ్చి కాసేపు ఏడుస్తాను, తర్వాత లేచి అన్నం వండుకుంటాను.

పోయిన ఏడు నాకు ఈ దేశపు పౌరసత్వం వచ్చింది కదా, మొన్న మొదటిసారి ఓటుకు పోయాను. దేశాధ్యక్షుడి అసలు ఎన్నిక ఇంకా ముందుంది. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ముందు జనమే తేల్చాలి. ఒకాయన పాత నాయకుడు, అందరికీ తెలిసిన మొహం. ఇంకొకాయన బాగా ఉన్నవాడు, టీవీ పెడితే అతనే. మూడో ఆమె ఒకప్పుడు నర్సు. ఒక్క నర్సు మీద ఎంతమంది రోగులను వేస్తారో ఆమె చెబుతుంటే నా ప్రాణం లేచొచ్చింది. నాతో పనిచేసే గ్లోరియాకు రోజూ ఆమె ముచ్చటే చెప్పేదాన్ని. టీవీ వాళ్లు మాత్రం ఆమెకు గెలుపు లేదని తేల్చేశారు.

తర్వాత నేనేం చేశానో విను, నవ్వకు. "మన ఆశ్రమం వాళ్లమంతా ఎవరికని తీర్మానం అయింది?" అని గ్లోరియాను అడిగాను. ఆమె నోరు తెరిచి చూసింది. ఓట్ల ముందురోజు తండా పెద్ద నాయక్ తాత ఇంటి ముందు కూర్చోవడం, ఆయన చెప్పిన గుర్తుకే తండా అంతా గుద్దడం తప్ప నాకేం తెలుసు? పైగా బాపు మాట ఒకటి. "గెలిచేటోనికే ఎయ్యాలె బిడ్డా, ఓటు ఖరాబ్ చేసుకోవద్దు."

ఇక్కడ మా ఊళ్లో ఈ ఓటుకు పెట్టె లేదు, చీటీ లేదు. బడిలోని ఆటల హాల్లో ఒక్కొక్కరికి ఒక్కో మూల. నీకు నచ్చినవాళ్ల మూలకు పోయి అందరి ముందు నిలబడాలి. తలలు లెక్కపెడతారు. చాలినంతమంది లేని మూల రద్దు, వాళ్లు వేరే మూలకు పోవచ్చు. నేను తిన్నగా పాత నాయకుడి మూలకు పోయాను, అక్కడే జనం ఎక్కువ. ఎదురుగా నర్సమ్మ మూలలో గ్లోరియా. ఇంకా ఎవరైనా వస్తారా అని వాళ్లు హాలంతా చూస్తున్నారు. నా కాళ్లు కదలలేదు చెల్లె. ఎవరేమనుకుంటారో అని భయం. అక్కడ నన్ను అనేవాళ్లెవరు? అయినా కదలలేదు.

లెక్క అయింది. నర్సమ్మ మూలకు ఒక్కరు తగ్గారు. ఒక్కరంటే ఒక్కరే.

గ్లోరియా వచ్చి నా పక్కనే నిలబడింది. "నీకు ఆమే ఇష్టం కదా?" అంది. కోపంగా కూడా అనలేదు.

తర్వాతి వారం పక్క రాష్ట్రంలో ఆ నర్సమ్మ రెండో స్థానంలో నిలిచింది. గెలుపు లేదన్నవాళ్లే ఇప్పుడు కొత్త లెక్కలు చెబుతున్నారు. నేనూ గ్లోరియాతో కూర్చుని ఆమె కోసం ఇంటింటికీ ఫోన్లు చేస్తున్నాను, నాకొచ్చిన ఇంగ్లీషుతోనే.

"నాకేడ పడ్తయి ఓట్లు, ఊరోళ్లే ఎక్కువున్నరు" అన్నావట. నేనూ ఇక్కడ కూర్చుని లెక్క వేశాను. ఊరి సంఘాలు ఎక్కువే, నిజం. కానీ దవాఖానకు తోడు పోయింది నువ్వు, అందరి ఫారాలు నింపింది నువ్వు. ఊరి సంఘాల్లోనూ ఖాజాబీ అక్క వాడ నీ దిక్కే ఉంటుందని నా నమ్మకం. గెలుస్తావని మాట ఇవ్వలేను. కానీ నువ్వు నిలబడకపోతే, నీకు చెయ్యెత్తాలనుకున్న ఆడది ఎక్కడికి పోవాలి? ఉగాది తర్వాత సమావేశమట కదా. పోయి నీ పేరు నువ్వే చెప్పు. చేతులెత్తమన్నప్పుడు ముందు నీ చెయ్యే లేపు.

ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం కారం పంపు. యాడికి, బాపుకు నా దండాలు, వాళ్ల దీవెన నాకూ నీకూ కావాలి. నాయక్ తాతకూ దండం పెట్టానని చెప్పు, ఈ ఉత్తరం మాత్రం ఆయనకు చూపించకు.

గెలిస్తే తండా అంతా తిరిగి చెప్పుకో, నాకు తర్వాత చెప్పినా పర్వాలేదు. ఓడిపోతే మాత్రం, ఇక్కడ ఏ వేళైనా సరే, మొదటి ఫోన్ నాకే చెయ్యి.

నీ మేలు కోరే
అక్క మంజుల