ఎత్తు దూకే పిల్లకి బూట్లు

అమ్మమ్మగారికి నమస్కారం.

సెలవులకి మనవరాలికి ఎలాంటి గౌను పంపమంటావని అడిగారు. ఈసారి గౌను వద్దండి. పోయినేడాది మీరు పంపింది ఇప్పుడు దానికి చొక్కాలా ఉంది. మీ అమ్మాయి పొడుగంతా దీనికే వచ్చింది. పక్కన నిలబడితే నేను దాని భుజం దాకా వస్తాను, అంతే.

మొన్న బడిలో ఎత్తు దూకే పోటీలో మొదటి బహుమతి తెచ్చుకుంది. ఆటల మాస్టారు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇంత పొడుగు ఎవరి పోలికమ్మా?" అన్నారు. నేను మాట మార్చబోయాను. అది మాత్రం తడుముకోకుండా, "మా కన్నతల్లి పోలిక సార్. రోజూ పొద్దున్నే లేపి గ్రౌండుకి తరిమేది ఈ అమ్మ" అంది.

గొప్పలు పోతున్నాననుకోకండి. ఈ మాట మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

దూకడానికి పనికొచ్చే బూట్ల కోసం బజారంతా గాలించాను. చివరికి దూదిలా తేలికైన జత ఒకటి దొరికింది. డబ్బు తీయబోయి ఆగిపోయాను. అవి మీ చేతుల మీదుగా అందితేనే దానికి సంతోషం. దుకాణం అతను పక్కన పెట్టి ఉంచాడు.

మా పెళ్లయ్యాక మీరు ఈ గడప తొక్కలేదు. మీ బాధ నాకు తెలుసు. కానీ ఈ సెలవుల్లో పెద్ద పోటీలున్నాయి, తప్పకుండా రండి. మిమ్మల్ని పిలుస్తున్నానంటే అది ఏమందో తెలుసా?

"మీరిద్దరూ ముందు వరసలో పక్కపక్కనే కూర్చోవాలి. అమ్మమ్మకి దూరం ఆనదు. వెనక కూర్చుంటే నీకు తలకాయలు తప్ప ఏమీ కనబడవు."

మీ కోసం ఎదురుచూస్తూ,
మీ మనవరాలి రెండో అమ్మ