మీగడ తెలుపు కాదు, ఆకుపచ్చే

అక్కా, పాలు కాచి మూత పెట్టాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. నీళ్ల మోటరు వేసి ఉంది, ట్యాంకు నిండగానే ఆపెయ్.

షెడ్డులో మళ్లీ అసలు రంగు వేయిస్తున్న నాన్న కారు సంగతి. అసలు రంగు మీగడ తెలుపేనని, ఆకుపచ్చ నాన్న తర్వాత వేయించుకున్నదని వాదించాను కదా. రాత్రి బావ ముందే "కార్ల గురించి నీకేం తెలుసు?" అని నోరు పారేసుకున్నాను కూడా. ఇందాక పెయింటర్ తలుపు గీకుతూ ఫోటో పంపాడు. ఆకుపచ్చ కింద ప్రైమర్, దాని కింద ఉత్త రేకు. తెలుపు మచ్చుకైనా లేదు. కంపెనీ వేసిన రంగు నువ్వు చెప్పిందే.

మిగతా పని ఆపమన్నాను. బానెట్‌కి మాత్రం నిన్ననే తెలుపు కొట్టేశాడు. దాన్ని గీకించడానికే షెడ్డుకి వెళ్తున్నాను. నీకు మొహం చూపించలేక, నువ్వు స్నానం చేసి వచ్చేలోపే బయటపడుతున్నాను.

ఇంకోటి. మొదట్లోనే పెయింటర్ "మీ అక్కగారిని అడిగారా?" అన్నాడు. తెలుపు వేయమని నువ్వే చెప్పావన్నాను. అతను ఫోన్ చేస్తే నేను అబద్ధం ఆడానని చెప్పెయ్. ఎప్పట్లా నన్ను వెనకేసుకు రాకు.