లింబవ్వకు కల్లు పడదు

7 సెప్టెంబర్ 2025, ఆదివారం

మనవరాలు సగం వాడి వదిలేసిన నోట్‌బుక్ ఇది. నోటితో రానిది చేత్తో అయినా వస్తుందేమో చూద్దామని మొదలుపెట్టాను. ఏడో తరగతి చదివిన చెయ్యి. తప్పులుంటే ఉండనీ.

ఇవాళ నవీపేట్ నుంచి బామ్మర్ది సాయిలు, అతని భార్య గంగామణి వచ్చారు. నా భార్య లింబవ్వ పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం జూలైలో చేశాం. ఈ పెత్రమాసకు, అంటే పెద్దలకు పెట్టే అమావాస్యకు, ఆమె కూడా పెద్దల్లో కలుస్తుంది. ఎవరెవరికి ఇష్టమైనవి ఏమేం పెట్టాలో కూర్చుని మాట్లాడుకున్నారు. మా బాపుకు మటన్, బీడీ కట్ట. మా అవ్వకు గారెలు, తమలపాకులు. మరి మా అవ్వకేంది అని నా కొడుకు నర్సింలు తల్లి గురించి అడిగాడు. అక్కకేముంటదిరా, ఓ సీసా కల్లు, ఇంత తలకాయ కూర, గంతే గదా అన్నాడు సాయిలు. తాటికల్లు వద్దు, మంచి ఈతకల్లు నేను తెస్త అంది గంగామణి. అందరూ సరే అన్నారు.

నేను ఏమీ అనలేదు. ఎప్పుడూ అనను కాబట్టి ఎవరూ గమనించలేదు.

లింబవ్వకు కల్లు పడదు. వాసనకే కడుపులో తిప్పేది.

8 సెప్టెంబర్, సోమవారం

ఆమె తాగింది విస్కీ.

రాశాను. ఇల్లేమీ కూలలేదు.

10 సెప్టెంబర్, బుధవారం. పొద్దున

నలభై ఏళ్ల కిందటి మాట. ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న రైతుల క్యాంపు ఉంది కదా, అక్కడ చెన్నకేశవరావు గారి చెరకు కొడుతున్నాం. డిసెంబర్ చలి. కాలువలో పడ్డ కొడవలి తీయబోయి లింబవ్వ నిండా మునిగి లేచింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. రావు గారి భార్య సుబ్బరత్నమ్మ లోపలి నుంచి స్టీలు గ్లాసులో వేడినీళ్లు, అందులో ఇంత విస్కీ పోసి తెచ్చింది. తాగవే, మందనుకో, చలి దిగిపోద్ది అంది. లింబవ్వ తాగి, గ్లాసు అడుగు వంచి చూసింది. ఇదేం మందమ్మా, గింత మంచిగున్నది అంది. సుబ్బరత్నమ్మ పడీ పడీ నవ్వింది.

అప్పటి నుంచి. రోజూ కాదు. వారానికి రెండుసార్లు, సాయంత్రం ఆరింటికి, స్నానం చేశాక, పెరట్లో గడ్డి కొట్టంలో. సీసా మూతతో కొలిచి రెండు మూతలు. మూడోది నేను ఎన్నడూ పోయలేదు, ఆమె అడగలేదు. వేడినీళ్లు. ఎంత వేడి అంటే, వేలు పెడితే ఓర్చుకునేంత. సోడా పోస్తే ముక్కుకు తప్ప నాలుకకు ఏమీ తెలియదనేది. ఐసు వేసుకునేవాళ్లకు పళ్లు మొద్దుబారినయనేది. కూల్‌డ్రింక్ కలిపేవాళ్లంటే మాత్రం జాలి. చెరుకు కొట్టే ఊర్ల ఉండి చక్కెర నీళ్లు కొనుక్కుంటరా అనేది. పక్కన ఉడికించిన శనగ గుడాలు, కారం లేకుండా. కారం తింటే విస్కీ తాగినట్టు కాదట, కారం తాగినట్టట.

ముందు వాసన చూసేది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో మొలాసిస్ మడ్డి వాసనలోనే బతికిన మనిషి. చవక సీసా తెస్తే చాలు, దీంట్ల మన ఫ్యాక్టరీ మొలాసిసే ఉన్నది, రంగేసిండ్రు, వాపస్ ఇచ్చి రా పో అనేది. నల్ల మూత సీసా ఒక్కటే నచ్చేది. కళ్లు మూసుకుని, కాల్చిన మక్కకంకి వాసన గొడ్తుంది సూడు అని గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టేది. నాకు ఏ మొక్కజొన్న కంకీ తగలలేదు. అయినా అవునన్నాను, ఇన్నేళ్లూ.

నేను తాగను. ఎండాకాలంలో కల్లు, అంతే. విస్కీ గొంతులో పోసుకున్న పాపాన పోలేదు.

కొనేది నేను. సీసా కనబడితే నాది. ఊళ్లో విస్కీ సిద్దిరాములు అంటే నేనే.

12 సెప్టెంబర్, శుక్రవారం

కోడలు సుమలత మహిళా సంఘం లీడర్. నిరుడు ఊరి బెల్టు షాపు మూయించింది. ఇరవై మంది ఆడవాళ్లు రోకళ్లు పట్టుకుని పోయారు. వాళ్ల నాన్నను మందే తిన్నది. ఆ పిల్ల కోపం ఉత్త కోపం కాదు.

నన్ను చాలా తిట్టింది. నీ సోపతికి అత్త కొంగు గూడ వాసనొస్తుంది మామా, సిగ్గు లేదా అనేది. లింబవ్వ సోంపు నములుతూ పక్కనే నిలబడి, గట్ల తిట్టు బిడ్డా, ఇంకింత తిట్టు, గీయనకు బుద్ధి రాదు అనేది. తర్వాత కొట్టంలోకి వచ్చి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేది. నాకూ నవ్వొచ్చేది. ఆ తిట్లు నాకు బరువు అనిపించలేదు.

బరువైనది ఇంకొకటి ఉంది. ఇవాళ రాయలేను.

14 సెప్టెంబర్, ఆదివారం

రాస్తాను.

నర్సింలు పెళ్లి దావత్. షామియానా కింద మగవాళ్లం కూర్చున్నాం. లింబవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. ఎవరో నా ముందు పెట్టిన గ్లాసు తీసుకుంది. దాచుకోలేదు. కొడుకు పెళ్లి, ఆమె సంతోషం, ఆమె గ్లాసు. ఆమెకు సిగ్గు లేదు. సిగ్గంతా నాది. చేతిలోంచి గుంజుకుని నా పెదాలకు ఆనించుకున్నాను. పెండ్లాం నోటి కాడిది గూడ గుంజుకునే తాగుబోతును గీడనే సూసినం అని అందరూ నవ్వారు. సాయిలు అందరికంటే గట్టిగా నవ్వాడు. లింబవ్వ నా వైపు ఒక్కసారి చూసి లేచిపోయింది.

మళ్లీ ఎన్నడూ నలుగురిలో గ్లాసు పట్టలేదు. ఆ సంగతి ఎత్తలేదు కూడా. ఎత్తి ఉంటే బాగుండేది.

బతికున్నప్పుడు గుంజుకున్నాను. ఇప్పుడు కల్లు సీసా పెట్టి రెండోసారి గుంజుకోమంటున్నారు. గుంజుకోను.

15 సెప్టెంబర్, సోమవారం

చెప్పాను. అన్నం తినేటప్పుడు. మీ అవ్వకు కల్లు వద్దు, విస్కీ పెట్టాలె, ఆమె తాగేది అదే అన్నాను.

నర్సింలు నవ్వాడు. నీకు కావాల్నంటే నీకు తెస్త బాపూ, అవ్వను నడుమల ఎందుకు తెస్తవ్ అన్నాడు. సుమలత నవ్వలేదు. సచ్చినామె పేరు మీద గూడనా మామా అంది. పళ్లెం తీసుకుని లేచిపోయింది.

నేను తాగను, ఎన్నడూ తాగలేదు అన్నాను. కొడుకు నన్ను చూసిన చూపు, చిన్నపిల్లవాడు అబద్ధం ఆడితే చూసే చూపు.

ముప్పై నలభై ఏళ్లు ఆడిన అబద్ధం. ఎంత గట్టిగా కట్టానో ఇవాళ తలతో గుద్దుకుంటే తెలిసింది.

16 సెప్టెంబర్, మంగళవారం

సాయిలు ఫోన్. నర్సింలు చెప్పేశాడు. బావా, నీ ప్లాన్ మస్తున్నది, ఈసారి మా బాపు పేరు మీద నేను గూడ ఓ ఫుల్ బాటిల్ పెట్టుకుంట అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి గొంతు మార్చాడు. మా అక్కను బద్నాం చెయ్యకు బావా అన్నాడు. కల్లు తాగితే బద్నాం కాదా అన్నాను. కల్లు తాగితే ఎవ్వలేమంటరు, అందరి అవ్వలు తాగుతరు, విస్కీ అంటే వేరు అన్నాడు. ఏం వేరు అని అడిగాను. గది మొగోళ్లది బావా అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. అవతలివాళ్ల కంటే ముందు నేను పెట్టేయడం ఇదే మొదటిసారి.

17 సెప్టెంబర్, బుధవారం

వాన. పోచంపాడ్ డ్యామ్ గేట్లు ఎత్తారట. నా కోపం తగ్గలేదు.

19 సెప్టెంబర్, శుక్రవారం

బస్సెక్కి బోధన్ పోయాను. వైన్స్‌లో కౌంటర్ మనిషి గుర్తుపట్టాడు. ఏం తాతా, ఏడాది దాటె, మానేసినవనుకున్న అన్నాడు. నల్ల మూతది ఇమ్మన్నాను. అది లేదట. ఇంకేదో అందుకుని, అన్నీ ఒక్కటే తాతా, లోపటికి పోయినంక ఏం ఎరుకైతది అన్నాడు. అన్నీ ఒక్కటి కావు అన్నాను. కొంచెం గట్టిగానే వచ్చింది. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు నవ్వారు. తాతకు టేస్ట్ ఉన్నదిరో అన్నాడొకడు. టేస్ట్ ఉన్నది నాకు కాదు. అక్కడ అది అనలేకపోయాను. బయటికొస్తుంటే కోపం వచ్చింది. నా మీద.

రెండో షాపులో లేదు. మూడోదాంట్లో దొరికింది.

ఎప్పుడూ సంచి అడుగున, పైన ఉల్లిగడ్డలు పోసుకుని తెచ్చేవాణ్ని. ఇవాళ చేత్తో పట్టుకుని బస్సెక్కాను. ముందు సీట్లో సుమలత సంఘం ఆడవాళ్లు ఇద్దరు. చూశారు. ఒకామె ఇంకొకామె చెవిలో ఏదో చెప్పింది. సీసా ఒళ్లో నిలబెట్టుకుని కూర్చున్నాను. ఊరొచ్చేదాకా దించలేదు.

20 సెప్టెంబర్, శనివారం. సాయంత్రం

సీసా లింబవ్వ ఫోటో పక్కన పెట్టాను. సుమలత చూసింది. పారబోస్తుందనుకున్నాను. గడప మీద కూర్చుంది. రేపు మా సంఘపోళ్లు గూడ వస్తరు మామా, షాపు మూయించినోళ్ల ఇంట్ల సీసా అంటరు, నా ఇజ్జత్ ఏం గావాలె అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆ పిల్ల మాటలో అబద్ధం లేదు. నీది నువ్వు చెప్పుకో బిడ్డా, మీ అత్త మాత్రం తనది ఇప్పుడు చెప్పుకోలేదు గదా అన్నాను.

లేచి వెళ్లిపోయింది. రేపు ఏం చేస్తుందో తెలియదు. నేను చేసేది తెలుసు.

21 సెప్టెంబర్, ఆదివారం. పెత్రమాస

పొద్దున పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చాం. మధ్యాహ్నానికి వంటలయ్యాయి. ఫోటోల ముందు మోదుగాకు విస్తర్లు, ఊదు పొగ. గంగామణి కల్లు సీసా తెచ్చి లింబవ్వ విస్తరి దగ్గర పెట్టింది. నేను దాన్ని తీసి మా బాపు విస్తరి దగ్గర పెట్టాను. నీళ్లు కాచుకుని వచ్చి, వేలు పెట్టి చూసి, గాజు గ్లాసులో పోశాను. రెండు మూతలు కలిపాను. సాయిలు బావా అని కేకేశాడు. గుమ్మం దగ్గర సంఘం ఆడవాళ్లు నలుగురు.

నిలబడి చెప్పాను. లింబవ్వ విస్కీ తాగేది. నేను కాదు. నర్సింలు పెండ్లిల ఆమె చేతిలకెళ్లి గ్లాసు గుంజుకున్న. గది నా తప్పు.

ఇంతమందిలో ఇన్ని మాటలు ఎన్నడూ మాట్లాడలేదు.

పెద్దలు తినాలని తలుపు దగ్గరికి వేసి అందరం వాకిట్లో నిలబడ్డాం. తలుపు తీశాక ప్రసాదం పంచుకోవాలి. సాయిలు ఆ గ్లాసు తీసి నా మొహం ముందు పెట్టాడు. తాగు బావా, గిందుకే గదా గింత డ్రామా జేసినవ్, ఇగ తాగు అన్నాడు.

తీసుకున్నాను. నాకు కోపం వచ్చింది. ఎంత తాగాలో ఎట్లా తాగాలో తెలియదు కదా, మంచినీళ్లలాగా ఎత్తి పోసుకున్నాను.

నిప్పు. గొంతులోంచి చెవుల్లోకి పోయింది. ముక్కులోంచి వచ్చింది. దగ్గుతూ కింద కూలబడ్డాను, పంచె నిండా అదే. సాయిలు నవ్వు మొదలుపెట్టాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నర్సింలు వీపు రుద్దుతూ, మెల్లగ బాపూ, మెల్లగ అన్నాడు. సుమలత చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు కూర్చుంది. మామా, నువ్వు నిజంగనే ఎన్నడు తాగలేదా అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. మరి ఇన్నేండ్లు నేను తిట్టిన తిట్లన్నీ అని ఆగింది. ఫోటో వైపు చూసింది. ఇంకింత తిట్టు బిడ్డా అనేది గదా, ఓ అత్తా, ఎంత పని జేసినవ్ అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. నా కళ్లలోనే నీళ్లు.

సాయిలు మెట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. నాకెందుకు చెప్పలే అక్క అని ఒకటికి రెండుసార్లు అన్నాడు. ఆ పెళ్లిలో ఎంత గట్టిగా నవ్వాడో నేను గుర్తు చేయలేదు.

గ్లాసులో మిగిలినది లింబవ్వ విస్తరిలోనే వంచాను. మక్కకంకి వాసన ఉందేమో, నా ముక్కు అప్పటికే పనిచేయడం లేదు.

23 సెప్టెంబర్, మంగళవారం

సంఘం మీటింగ్ మా వాకిట్లోనే జరిగింది. మీ ఇంట్ల సీసా ఉన్నదట గదా లీడరమ్మా అని ఒకామె ఎత్తింది. ఉన్నది, మా అత్త తాగింది, తన కష్టంతోటి తాగింది, ఎవ్వల్ని కొట్టలే, ఎవ్వల్ని ఏడిపియ్యలే అంది సుమలత. బెల్టు షాపు మళ్లీ పెడితే మాత్రం అదే రోకలి తోని వస్త, ఎవ్వలకన్న డౌటున్నదా అని అడిగింది. ఎవరికీ లేదు.

నేను లోపలి నుంచి విన్నాను. అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

26 సెప్టెంబర్, శుక్రవారం

గంగామణి ఫోన్ చేసింది. ఆయన పొలం పోయిండు అన్నా అంది. తర్వాత గొంతు తగ్గించింది.

బ్రాందీ అయితే ఏది మంచిదన్నా అని అడిగింది.

నాకు తెలియదు చెల్లె, కనుక్కుని చెప్త అన్నాను.