వేల్స్ దిబ్బ, మన పాటిగడ్డ

పటాన్‌చెరు,
14 నవంబరు 1993

మిత్రుడు వెంకటేశానికి,

యాదగిరి నమస్కారాలు. నువ్వు బాగున్నావని ఫొటోలో నీ బుగ్గలే చెబుతున్నాయి. ఇక్కడ మీ ఇంట్లో అందరూ కులాసా.

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. దాంతో పంపిన ఫొటోలో వేల్స్‌లో పచ్చటి దిబ్బ మీద కోటు తొడుక్కుని నిలబడ్డావు. తొమ్మిది వందల ఏళ్ల కింద నార్మన్ జాతి దొర ఒకడు పోయించిన మట్టికోట అనీ, ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయనీ, అయినా చట్టం అక్కడ ఒక్క పార మట్టి తీయనివ్వదనీ రాశావు. బాగుంది. ఆ మట్టి ఎవరు మోశారయ్యా? దండెత్తి వచ్చిన దొర మోశాడా? పల్లె జనం చేత వెట్టి చేయించే కదా! చరిత్ర చెప్పే పంతులువి, ఆ ముక్క ఒక్కటీ రాయలేదు. మన బడి పంతుళ్లలో ఒక్కరినే అక్కడికి పంపుతామంటే ఇద్దరం దరఖాస్తు పెట్టాం. నేనైతే ఆ దిబ్బ మీదే నిలబడి అడిగేవాణ్ని. అందుకే కాబోలు నిన్ను పంపారు.

ఇక నువ్వు అడిగిన సంగతి. పాతకాలపు మట్టికోట కూలి మిగిలిన మన ఊరి పాటిగడ్డను ఎవరూ ముట్టకుండా చూడమన్నావు. జనవరిలో అక్కడి ప్రొఫెసరును తీసుకొచ్చి చూపిస్తానన్నావు. ఏం చూపిస్తావు? సగం గడ్డ లేదు. ఫ్యాక్టరీల నీళ్లు వాగులో కలిసి పొలాలు మాడిపోయాయి. పాటిమన్ను తోలితే చచ్చిన నేలకు ప్రాణం వస్తుందని జనం బండ్లు కట్టారు. నేను అడ్డం పోయి నీ ఉత్తరం చదివి వినిపించాను. రాజులు తిన్నంత తినిపోయిండ్రు, ఇగ వాళ్ల మన్నన్నా మాకు రానీయి సారూ అంది సంగమ్మ. మీ దోస్తుకు జెర ఉత్తరం రాయి, గా గొర్లు మేసే గడ్డకెళ్లి రెండు బండ్ల మన్ను పంపుమను అన్నాడు ఐలన్న. అందరూ నవ్వారు. కడుపు నిండిన దేశంలో దిబ్బ చరిత్ర అవుతుంది, ఇక్కడ ఎరువవుతుంది. నీ ప్రొఫెసరుకు ఇదే చెప్పు.

నీ మీద నాకు అసూయ అనుకునేవు. నీ మీద కాదు, ఆ దిబ్బ మీద. ఇన్ని వందల ఏళ్లలో దాని మట్టితో ఎవరికీ పని పడలేదు చూడు!

నీతో ఎప్పటికీ రాజీపడని,
యాదగిరి

తా.క. అడ్డం పోయానన్నది అబద్ధం. మొదటి బండి నాదే. నా చెలక పొలం వాగుకు ఎగువన ఉంది, దానికి ఏ విషమూ సోకలేదని నీకు తెలుసు. నీ ఫొటో చూసిన మర్నాడు పొద్దున్నే ఎడ్లు కట్టాను. సారే తోలంగ మనకేంది భయం అని మిగతావాళ్లు కట్టారు. నేను తోలిన మన్ను ఇంకా కుప్పగానే ఉంది. చల్లడానికి చెయ్యి రావడం లేదు.