చీటీ రానివాళ్ల వంతు

మండల విద్యాశాఖాధికారి గారికి నమస్కారం.

ప్రైవేటు బడిలో ఉచిత సీటు కోసం మా పాప వర్షిణి పేరుతో దరఖాస్తు పెట్టాను. లాటరీలో రాలేదని మీ ఆఫీసులో చెప్పారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. పులికాట్ సరస్సులో చేపలు పట్టే మాకు చీటీలు కొత్త కాదు. వల వేసే చోటు ఎవరిదో చీటీ తీసే తేల్చుకుంటాం. రాని ఇంటివాళ్లు గొడవపడరు. మరుసటి విడతలో మొదటి వంతు వాళ్లదే. అది మా తాతల నాటి కట్టుబాటు.

ఇక్కడా అంతే అనుకున్నాను.

“అయితే వచ్చే ఏడు ముందు మా పాపకే గదా సార్?” అని మీ గుమస్తాను అడిగాను.

ఆయన నవ్వాడు. “ఇది ఒకటో తరగతికేనబ్బా. వచ్చే ఏడు మీ పాప రెండుకు పోతాది. ఇంక వంతనేదే ల్యా” అన్నాడు.

చీటీ రాలేదని మాత్రం పాపకు చెప్పాను. అది ఏడవలేదు. “అయితే మళ్లీసారి మొదట మనమే గదా నాయనా” అని ఆ బడికని కొన్న కొత్త సంచి తీసి మేకుకు తగిలించింది.

మిగతాది నేను చెబితే నమ్మదు. కాబట్టి మీ కట్టుబాటులో చీటీ రానివాళ్ల వంతు ఎప్పుడో మీరే ఒక ముక్క రాసి పంపగలరు. చదివి వినిపిస్తాను.

ఇట్లు,
వర్షిణి తండ్రి