టబ్బులో నీళ్లు ఎవరు తోడుతున్నారు

మే 4, 1986

కొత్త పంపు వచ్చింది. కూలర్ పంపే. చేపల తొట్టికని వేరే పంపు సిరొంచలో ఎక్కడ దొరుకుతుంది? బల్ల మీద అద్దాల తొట్టి, కింద ప్లాస్టిక్ టబ్బు. తొట్టి నిండి పొర్లిన నీళ్లు గొట్టంలోంచి టబ్బులోకి దిగుతాయి, పంపు వాటిని మళ్లీ పైకి ఎక్కిస్తుంది. నేను ఆఫీసులో ఉంటే మిస్త్రీ వామన్ వచ్చి బిగించి పోయాడు. అక్క దగ్గరుండి పెట్టించింది.

మే 6

ఆరు చేపలూ హుషారు. అక్క సణుగుడు: "తినెటియి కావు, అమ్మెటియి కావు. పెండ్లి చేసుకోకుంట గీటిని పెట్టుకున్నవ్..."

మే 9

పంపు మాడింది. ఐదు రోజులకే! ఇల్లంతా కమురు వాసన. వామన్ పాత సరుకు అంటగట్టాడు, అంతే.

మే 10

వామన్ విప్పి చూశాడు. నీళ్లు లేకుండా తిరిగిందట. "పాణీ నవ్హతం, సాహెబ్." వాడికి మరాఠీ తప్ప రాదు. రోజూ పొద్దున టబ్బు నిండా పోసేది నేను. లేకుండా ఎట్లా పోతాయి? ఇంకో పంపు తీసుకున్నాను. వాణ్ణి నమ్మను, నేనే బిగించుకున్నా.

మే 12

స్కేలుతో కొలిచా. పొద్దున తొమ్మిది అంగుళాలు. సాయంత్రం రెండు. పంపు గరగర... పరుగెత్తి స్విచ్ తీశా. ఎంత ఎండైనా ఒక్క పూటలో ఏడు అంగుళాలు ఆవిరవుతాయా? నేల పొడిగా ఉంది, కారలేదు. ఎవరో తోడుతున్నారు.

మే 13

పగలు ఇంట్లో ఉండేది అక్క ఒక్కతే. రాయకూడదు అనుకుంటూనే రాశా.

మే 14

పెరట్లో బీరపాదు. ఈ ఎండలకు ఊరందరి పాదులూ మాడిపోతే మాది పచ్చగా, నిగనిగలాడుతూ. వంగి చూశా. మడిలో తెల్ల ఇసుక — నా తొట్టిలోది! అదన్నమాట సంగతి. రాత్రి బీరకాయ కూరే. కూర పక్కకు నెట్టా. "ఏంది తమ్మీ, ఉప్పు తక్కువైందా?" అంటుంది, ఏమీ తెలియనట్టు.

మే 17

రెండో పంపూ పోయింది. రెండు చేపలు వెల్లకిలా తేలాయి.

అడిగేశా. "టబ్బుల నీళ్లు తోడుతున్నది నువ్వేనా?"

"నేనే. రోజు నేనే తోడుతున్న."

జంకు లేదు. పైగా నవ్వుమొహం. ఒళ్లు మండిపోయింది. నా ఇంట్ల ఉండుకుంట నాకే ఎసరు పెడుతున్నవా అన్నా. ఇంకా ఏమేమో అన్నా. ఆమె ఏదో అనబోతే నోర్ముయ్ అన్నా. పెద్దదాన్ని పట్టుకుని.

మే 18

పొద్దుటి పడవకు వెళ్లిపోయింది. గోదావరి అవతల, మరిది ఇంటికే. బావ పోయాక అక్కడ తోడికోడలు విసురుగా పడేసే తిండి చూడలేకే కదా మూడు నెలల కింద నేను తెచ్చుకుంది. చెప్పి పోలేదు. జొన్నరొట్టెలు చేసి మూత పెట్టి పోయింది.

పోతే పోనీ.

మే 26

మూడో పంపు చంద్రపూర్ నుంచి రావాలట. చెంబుతో నేనే కింది నీళ్లు పైకి పోస్తున్నా. ఇంకో చేప పోయింది. అంతా ఆమె వల్లే.

జూన్ 7

వామన్ వచ్చాడు. పంపు బిగిస్తూ, "ఏక్‌దమ్ ఖాలీ ఠేవా, సాహెబ్." అట్టడుగున పెట్టండి అని. "తుమ్చ్యా తాయీలా పణ్ హేచ్ సాంగిత్లం." అక్కకూ అదే చెప్పాడట, రెండు మూడు సార్లు. ఆమె హో, హో అని తలూపిందట.



మరాఠీలో ఖాలీ అంటే కింద. అక్కకు ఆ భాష ఒక్క ముక్క రాదు. ఆమెకు తెలిసింది మన ఖాళీయే. టబ్బు ఖాళీగా పెట్టాలని మిస్త్రీ చెప్పాడనుకుంది. నడుం నొప్పితో, రోజూ వంగి, బిందెతో తోడి ఖాళీ చేసింది. నా చేపలు బాగుండాలని! పారబోయడం ఎందుకని పాదుకు పోసింది.

ఎవరు అని అడిగాను. ఎందుకు అని అడగలేదు. సిగ్గుగా ఉంది.

జూన్ 8

కార్డు మొదలుపెట్టా. అక్కకు చదువు రాదు. ఆ తోడికోడలే చదివి వినిపించాలి. నేనేమన్నానో ఆ ఇంటికంతా తెలుస్తుంది. చింపేశా.

పాడు బుద్ధి ఇప్పుడూ ఊరుకోదు. ఒక్క మాట చెప్పి పోవచ్చు కదా, చెప్పకుండా పోయి నన్ను సాధిద్దామనా... అంటుంది. నేను చెప్పనిచ్చానా?

జూన్ 11

రేవు దగ్గర చాయ్ హోటల్లో కూర్చున్నా. నిన్నటి నుంచి వాన. నీళ్లు ఎర్రగా, గట్టు కోస్తూ పోతున్నాయి. పడవాయన అంటున్నాడు: "ఇయ్యాల గిదే ఆఖరి ట్రిప్పు సార్. గంగ నిండుతున్నది, ఇగ పడవ ఇడువ. వస్తరా, రారా?"

ఇప్పుడు పోకపోతే వానలు తగ్గేదాకా ఆమె అక్కడే, ఆ తిండి మీదే. పోవాలి. పోయి ఏమనాలి? ఖాలీ, ఖాళీ అని మొదలుపెడితే నవ్వుతుందేమో. ఇంటికి రా అక్కా అంటాను. ఎవరింటికి తమ్మీ, అంటే...

పడవాయన మళ్లీ పిలుస్తున్నాడు.