లచ్చమ్మ చెప్పే పాఠం

1949 మార్చి 3
కోదాడ. సంఘసేవ శిక్షణకు నా దగ్గర పన్నెండు మంది. అందరూ తిండికి లోటులేని ఇళ్లవాళ్లు. పేదరికం మీద ఉపన్యాసమంటే నోట్సు రాసుకుంటూ ఆవలిస్తారు. నేటితో ఉపన్యాసాలు బంద్. కూలివాళ్ల గుడిసెల్లోంచి ఒక మనిషిని తెచ్చి ఎదురుగా కూర్చోబెడతాను. వీళ్లు అడగాలి, ఆ మనిషి చెప్పాలి. ఇట్లా నేర్పినవాడు ఈ జిల్లాలో నాకంటే ముందు ఎవడూ లేడు.

మార్చి 5
లచ్చమ్మ దొరికింది. కూలి మనిషి. పోయినేడు పెద్దబిడ్డకు జ్వరమొస్తే భుజాన వేసుకుని సూర్యాపేట దవాఖానకు నడిచింది. దారిలోనే పోయింది పిల్ల. "నీళ్లడిగింది సారూ... వాగు కాడ దించి సూస్తే..." అంతే. క్లాసంతా ఏడ్చింది. ఏం చెప్పింది!

మార్చి 8
మళ్లీ పిలిచాను. చిన్నబిడ్డను వెంట తెచ్చింది — దగ్గు, జ్వరం. సూర్యాపేటలో చేర్చుకోవాలంటే నా సిఫారసు చిట్టీ కావాలి. "జర రాసియ్యి సారూ, నీ కాల్మొక్త." రాస్తానన్నాను.

మార్చి 9
రాయలేదు. చిట్టీ ఇస్తే రేపే వెళ్లిపోతుంది. పదిహేనున మిర్యాలగూడలో మా శాఖ పెద్ద అధికారి ముందు నా పాఠం. అక్కడి మిల్లు సేటు హాలు ఇచ్చాడు. లచ్చమ్మ లేకపోతే పాఠమెక్కడిది? ఆరు రోజులే కదా. మామూలు జ్వరమే అయ్యుంటుంది.

మార్చి 11
లచ్చమ్మ తన కథ ఐదోసారి చెప్పింది. కన్నీళ్లు రావడం లేదు, అప్పజెప్పినట్టు చెబుతోంది. "నీళ్లడిగింది అన్నచోట కాసేపు ఆగు" అన్నాను. ఆగింది. చిట్టీ కావాలి కదా, దాని అవసరం అలాంటిది.
నా విద్యార్థుల్లో నోరున్నది సుభద్ర ఒక్కతే. లేచింది. "పిల్లకు ఒళ్లు కాలిపోతున్నది సారూ, చిట్టీ ఎందుకిస్తలేరు?" ముందు నీ మార్కులు చూసుకో అన్నాను. కూర్చుంది.

మార్చి 15
మిర్యాలగూడ. గెలిచాను. బిడ్డను పక్క గుడిసెలో వదిలి, మిల్లు లారీలో వచ్చింది లచ్చమ్మ. మనసంతా అక్కడే. ఇవాళ నిజంగానే ఏడ్చింది. అధికారి రుమాలు తీశాడు. ఈ పద్ధతి అన్ని తాలూకాల్లోనూ పెట్టిస్తానన్నాడు, నా పేరు చెప్పి మరీ. మేము భోజనాలు చేస్తుంటే చిట్టీ కోసం గుమ్మం దగ్గర నిలబడిందట. లేచి చూసేసరికి లేదు, మిల్లు లారీలోనే తిరిగి వెళ్లిపోయిందట.

మార్చి 16
పొద్దున్నే చిట్టీ రాసి సుభద్రతో గుడిసెకు పంపాను. తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టింది. "తలుపుకు తాడు గట్టి ఉన్నది. తెల్లారంగనే బిడ్డను భుజానేసుకొని సూర్యాపేట దిక్కు నడిసిందట." వెళ్లి తన చోట కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మార్చి 17
దవాఖానకు మనిషిని పంపి కనుక్కోవాలి. పంపలేదు. భయం.
అధికారి నుంచి కబురు — సోమవారం సూర్యాపేటలో కొత్త జట్టుకు ఇదే పాఠం, ఆ మనిషినే తీసుకురండి అని.
ఒక్క బిడ్డ సంగతికే అంత ఏడ్చారు. ఇద్దరిదైతే... ఛీ. ఈ చేత్తోనే రాశానా?
జవాబు మాత్రం పంపేశాను. తీసుకొస్తాను అని.